ముందు ఫ్రేమ్ మార్చి పాత నంబరే కొట్టారు: అది అదే ఈ-టైపా, కాదా?

వెస్ట్‌మిడ్‌ల్యాండ్స్ వాసు:

నమస్తే అందరికీ. ఇంగ్లండ్‌లో మా ఊరికి గంట దూరంలో ఒక 1962 జాగ్వార్ ఈ-టైప్ కూపే అమ్మకానికి వచ్చింది. 3.8 లీటర్ ఇంజన్, కుడివైపు స్టీరింగ్, ఎర్ర రంగు. ప్రకటనలో 'మ్యాచింగ్ నంబర్స్' అని రాశారు, అంటే ఫ్యాక్టరీలో వేసిన భాగాలే ఇప్పటికీ ఉన్నాయని. శనివారం వెళ్ళి చూసొచ్చాను. కారు అందం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నంబర్ల గురించే నా టెన్షన్.

కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క. ఇప్పుడున్న 17 అక్షరాల విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, అమెరికాలో 1981 మోడళ్ళ నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. ఈ-టైప్ బానెట్ కింద ఒక పలక ఉంటుంది, దాని మీద నాలుగు నంబర్లు: కారుది, ఇంజన్‌ది, గేర్‌బాక్స్‌ది, బాడీది. అవే నంబర్లు ఆయా భాగాల మీద విడివిడిగా కూడా ఉండాలి.

పలక మీద కారు నంబర్ 885తో మొదలవుతోంది. ముందు ఫ్రేమ్ మీద, కుడి షాక్ అబ్జార్బర్ బిగించే చోటికి పైన, అదే నంబర్ కొట్టి ఉంది. ఇంజన్ బ్లాక్ మీద, ఆయిల్ ఫిల్టర్‌కి పైన, 'ఆర్'తో మొదలయ్యే నంబర్ పలకతో కలిసింది. సిలిండర్ హెడ్ ముందు అంచున ఉన్న నంబర్ మాత్రం వేరు. గేర్‌బాక్స్ నంబర్ 'ఈజే'తో మొదలైంది, అంటే 1964 అక్టోబర్‌లో 4.2 మోడల్‌తో వచ్చిన రకం. బాడీ నంబర్ రేకు లేనే లేదు, రివెట్ల కన్నాలు మాత్రం మిగిలాయి. పలక చూస్తే నిన్న పండక్కి తోమినట్టు తళతళలాడుతోంది.

అమ్మే ఆయన్ని అడిగితే దాచకుండానే చెప్పాడు. తొంభైల్లో ఎక్కడో గుద్దుకుని ముందు ఫ్రేమ్ వంగిందట. కొత్త ఫ్రేమ్ తెప్పించి, పాత నంబరే దాని మీద కొట్టించారట. "ఛాసిస్ కలిసింది, ఇంజన్ కలిసింది, ఇంకేం కావాలి?" అన్నాడు.

ఇలా కొత్త లోహం మీద పాత నంబర్ కొట్టడం రిపేరా, ఫోర్జరీయా? మీరైతే ఈ కారు కొంటారా?

పానా శ్రీను (హైదరాబాద్):

వాసన్నా, గ్యారేజీ వైపు నుంచి చెబుతా. ఈ-టైప్‌లో మనుషులు కూర్చునే భాగం మోనోకాక్, అంటే రేకులే బరువు మోసే పెట్టె. దాని ముందు గోడకి చదరపు గొట్టాల ఫ్రేమ్‌ని బోల్టులతో బిగిస్తారు. ఇంజన్, ముందు సస్పెన్షన్, అంత పొడుగు బానెట్, అన్నీ దాని మీదే నిలబడతాయి. లే మాన్ 24 గంటల రేసులో గెలిచిన జాగ్వార్ రేసు కారు డీ-టైప్ నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. గొట్టాలు రేనాల్డ్స్ 541 ఉక్కు, బ్రేజింగ్ చేసి అతికినవి. లోపలి నుంచి తుప్పు తింటే పెయింట్ పైన ఏమీ తెలీదు. వంగితే వేడి చేసి లాగి, మామూలు వెల్డింగ్ పెట్టి నడిపిస్తే ప్రాణాల మీదికొస్తది. మార్చుడే కరెక్ట్ రిపేరు.

జాగ్వార్ వాళ్ళు ఎప్పుడైనా విప్పి మార్చాల్సొచ్చే భాగం మీదే కారు నంబర్ కొట్టారు. అది వాళ్ళ తెలివి. స్పేర్ ఫ్రేమ్ ఖాళీగా వస్తది. నంబర్ కొట్టకుండా వదిలేస్తే రేపు ఎవరైనా అధికారి బానెట్ ఎత్తి చూస్తే ఏం చెప్తావ్? అదే కారు, అదే ఓనరు, అదే నంబర్. ఇందులో ఫోర్జరీ ఎక్కడుంది?

టెక్సాస్ తిరుపతి:

శ్రీను తమ్ముడూ, ఫ్రేమ్ మార్చడం తప్పని ఎవరన్నారు? మార్చు. బిల్లు దాచు. కొత్త ఫ్రేమ్ అని తెలిసేలా ఒక గుర్తు వెయ్యి. పాత అచ్చుల్లాంటి అచ్చులే తెచ్చి, పాత చోటే, పాత వరసలోనే నంబర్ కొట్టి, పైగా ప్రకటనలో 'మ్యాచింగ్' అని రాశాడంటే, ఎవర్ని నమ్మించడానికి ఆ కష్టమంతా? వాసు అడిగాక చెప్పాడు. అడగని వాడు వస్తే?

ఇక్కడ షెవర్లే స్పోర్ట్స్ కార్లు, కార్వెట్ల లోకంలో ఈ గొడవతోనే బతుకుతున్నాం. ఇంజన్ ముందు భాగంలో, కుడి సిలిండర్ హెడ్ పక్కన, చిన్న చదును చోటుంటుంది. ఫ్యాక్టరీ ఎక్కడ, ఏ తారీఖు, ఏ రకం ఇంజన్ అన్న కోడూ, కారు వరస నంబరూ అక్కడ కొడతారు. పెద్ద ఇంజన్ కోడ్ ఉన్న కారుకి ధర ఎక్కడికో వెళ్ళిపోతుంది. అందుకని మామూలు బ్లాక్ తెచ్చి, ఆ చోటు గీకేసి, కావలసిన కోడ్ కొట్టేవాళ్ళు తయారయ్యారు. పట్టించేది ఏమిటంటే, ఫ్యాక్టరీలో ఆ చదునుని బ్రోచ్ యంత్రం కోసినప్పుడు ముందు నుంచి వెనక్కి సన్నని గీతలు పడతాయి. గీకితే ఆ గీతలు పోతాయి. ఇప్పుడు ఆ గీతల్ని కూడా దొంగగా పెట్టే మహానుభావులున్నారు. అందుకే 1967 నుంచి పెట్రోల్ ట్యాంకు పైన అతికించిన ఆర్డరు కాగితం చిరిగిపోకుండా దొరికిందంటే జనం బంగారం దొరికినట్టు సంబరపడతారు. లోహం మీద అక్షరం ఎవడైనా కొట్టగలడు.

స్టీరింగ్ సంతోష్:

అందరికీ ఒక మాట. కారు కొనేది నడపడానికా, టార్చి వేసి చదవడానికా? 3.8లో వచ్చిన పాత మాస్ గేర్‌బాక్స్‌కి ఫస్ట్ గేర్‌లో సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా చేసే అమరిక, ఉండదు. ట్రాఫిక్‌లో ఆ గేరు వెయ్యాలంటే చుక్కలు కనిపిస్తాయి. 4.2ది వేశారంటే ఎవరో బుద్ధిమంతుడు హాయిగా నడుపుకున్నాడని అర్థం. నేనైతే అందుకే కొంటాను.

టెక్సాస్ తిరుపతి:

సంతోషంగా కొనుక్కో బ్రదర్. నడుపుకునే కారు ధరే ఇవ్వు, మ్యాచింగ్ కారు ధర ఇవ్వకు. నేను చెప్పేదీ అదే.

లెడ్జర్ లక్ష్మి:

ఇద్దరూ రెండు వేరే ప్రశ్నలకి జవాబిస్తున్నారు. ఈ కారు ఏది అన్నది శ్రీను వాదన. ఈ లోహం ఎప్పటిది అన్నది తిరుపతి గారి వాదన. నంబర్ మొదటిదానికి ఆధారం అవుతుంది. రెండోదానికి కాదు.

మొదటి ప్రశ్న మీద ఇంగ్లండ్‌లో 1990లో కోర్టు తీర్పే ఉంది. 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లో, 1930లో వరసగా రెండుసార్లు లే మాన్ గెలిచింది. రెండుసార్లూ నడిపినవాళ్ళలో వుల్ఫ్ బర్నాటో ఉన్నాడు. ఆ తర్వాత రేసుల కోసం దాన్ని మారుస్తూ పోయారు. 1932లో బ్రూక్‌ల్యాండ్స్ రేసు ట్రాక్‌లో ఘోరమైన ప్రమాదం జరిగి డ్రైవర్ క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. కారుని మళ్ళీ కట్టారు. దశాబ్దాల తర్వాత 10 మిలియన్ పౌండ్లకు బేరం కుదిరాక, ఇది అసలు కారే కాదని కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. అమ్మేవాడు కోర్టుకెక్కాడు. జస్టిస్ ఆటన్ ముందు ఏ భాగం ఏ సంవత్సరానిది అని ముక్క ముక్కకీ సాక్ష్యం నడిచింది. 1929లో పరుగెత్తిన లోహం దాదాపు ఏమీ మిగల్లేదని తేలింది. అయినా ఇది ఓల్డ్ నంబర్ వన్నే అన్నారు జడ్జి, కొనేవాళ్ళు డబ్బు కట్టాల్సిందే అన్నారు. మార్పులన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి, ఎక్కడా గొలుసు తెగలేదు. ఆ పేరు మీద హక్కు చెప్పుకోగల ఇంకో బెంట్లీ కూడా లేదు.

ఆ చివరి మాట పట్టుకోండి. ఇంకో కారు లేదు. వాసు గారూ, పంచ్ గుర్తుల సంగతి తర్వాత. విప్పిన పాత ఫ్రేమ్ ఏమైంది? అది ఎవరూ అడగలేదు. దాని మీద అసలు నంబర్ ఉంది. అది ఎవరి షెడ్డులోనో ఉంటే, రేపు ఆయన దానికి ఒక బాడీ, ఒక ఇంజన్ తగిలించి 'అసలు కారు నాదే' అనగలడు. ఫెరారీ 375 ప్లస్, నంబర్ 0384ఏఎం విషయంలో జరిగింది దాదాపు ఇదే. 1954 నాటి ఆ కారు శిథిలంగా అమెరికాలోని ఒహాయోలో పడి ఉండగా దొంగతనానికి గురైంది, చివరికి బెల్జియం చేరి అక్కడ మళ్ళీ కారయింది. మిగిలిన కొన్ని భాగాలూ, కాగితాలూ ఒహాయో కుటుంబం దగ్గరే ఉన్నాయి. ఒకే నంబర్‌కి సముద్రానికి చెరో వైపు ఇద్దరు హక్కుదారులు. ఏళ్ళ తరబడి కేసులు నడిచి, రాజీ అని చెప్పి 2014లో గుడ్‌వుడ్ వేలంలో 10 మిలియన్ పౌండ్లకు పైగా అమ్మాక కూడా గొడవ చల్లారలేదు.

ఇంకో సంగతి. ప్రకటనలో చెప్పని కథ ఒకటి మీ కారు నంబర్‌లోనే ఉంది. 3.8 ఈ-టైప్‌లకి నంబర్ వరసలు నాలుగు. కుడి స్టీరింగ్ ఓపెన్ కారు 850001 నుంచి, కుడి స్టీరింగ్ కూపే 860001 నుంచి, ఎడమ స్టీరింగ్ ఓపెన్ 875001 నుంచి, ఎడమ స్టీరింగ్ కూపే 885001 నుంచి. మీది 885. అంటే అది ఎడమ స్టీరింగ్‌తో పుట్టిన కారు, బహుశా అమెరికా వెళ్ళి తిరిగొచ్చింది. ఎనభైల చివర్లో ధరలు పెరిగినప్పుడు ఇలా తిరిగొచ్చినవి బోలెడు. ఇక్కడ కుడికి మార్చి అమ్మారు. బల్క్‌హెడ్‌లో, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో, ఎడమవైపు స్టీరింగ్ రాడ్ కన్నం పూడ్చిన గుర్తుంటుంది, కార్పెట్ ఎత్తి చూడండి. ప్రకటనలో ఆ ముక్క ఉందా?

వెస్ట్‌మిడ్‌ల్యాండ్స్ వాసు:

లక్ష్మి గారూ, లేదు. స్టీరింగ్ సంగతి ప్రకటనలో లేదు, ఆయన నోట కూడా రాలేదు. ఈ నంబర్ వరసల లెక్క నాకు ఇప్పుడే తెలిసింది. పాత ఫ్రేమ్ సంగతి రేపే ఫోన్ చేసి అడుగుతాను.

పానా శ్రీను (హైదరాబాద్):

లక్ష్మక్క చెప్పిన తీర్పు నా వైపే ఉంది కదా మరి! లోహం మొత్తం మారినా కారు అదే అన్నారు జడ్జి గారు. మన దగ్గర ఒక్క ఫ్రేమే మారింది.

ఆర్సీ రమణ (విజయవాడ):

శ్రీనూ, ఆ జడ్జి మన ఆర్‌టీవో ఆఫీసులో కూర్చుంటే తెలిసేది.

మన దేశం సంగతి చూడండి. ఆర్సీలో ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండూ ఉంటాయి. పాత బండి పేరు మార్పిడికి వెళ్తే పెన్సిల్ ప్రింట్ అడుగుతారు. నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు ఫారానికి అతికించి ఇస్తాం. అందులో ఒక అంకె వంకరగా వచ్చినా సాయంత్రం దాకా కిటికీ ముందు నిలబడాలి. ఇంజన్ మారిస్తే ఆర్సీలో రాయించాలి. ఛాసిస్ నంబర్ తుప్పు పట్టి పోయిందనుకోండి, అనుమతి తీసుకుని, రికార్డులో ఎక్కించి రీపంచ్ చేయించాలి. సొంతంగా కొట్టుకున్నారో, బండి దొంగది కాదని నిరూపించుకోవడం మీ పని. అంటే రీపంచ్ మనకి కొత్త కాదు. ఎవరి సమక్షంలో కొట్టారు, ఎక్కడ రాశారు అన్నదే మనవాళ్ళు చూసేది.

2021 జూలైలో వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్ రూల్స్ వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన టూవీలర్లకీ కార్లకీ వర్తిస్తాయి. నంబర్ ప్లేట్‌లో 'వీఏ' అని వస్తుంది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు. అందులో షరతు చదవండి: బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌కో బాడీకో ఇంజన్‌కో మార్పులతో పెద్ద ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు. ఆ షరతుని అక్షరాలా పట్టుకుంటే ఓల్డ్ నంబర్ వన్ గేటు దగ్గరే ఆగిపోతుంది.

లెడ్జర్ లక్ష్మి:

రమణ గారూ, బ్రిటన్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. బాగా మార్చేసిన బండికి పాత రిజిస్ట్రేషన్ నంబర్ ఉంచాలా వద్దా అని తేల్చడానికి ఏళ్ళ తరబడి పాయింట్ల పద్ధతి నడిచింది. ఛాసిస్‌కో మోనోకాక్‌కో 5 పాయింట్లు. సస్పెన్షన్, యాక్సిళ్ళు, గేర్‌బాక్స్ వైపు భాగాలు, స్టీరింగ్, ఒక్కోదానికి 2. ఇంజన్‌కి 1. మొత్తం 8 రావాల్సి ఉండేది. తయారీదారు నుంచి వచ్చిన కొత్త ఛాసిస్ అయినా, మార్పులేవీ చేయకపోతే ఆ 5 ఇచ్చేసేవారు. వేలంపాటలో కోట్లు పోసేది ఏ ఇంజన్ నంబర్ చూసో, ఆ పద్ధతిలో ప్రభుత్వం దృష్టిలో దాని విలువ ఒక్క పాయింటే. నాకు ఇది భలే నచ్చుతుంది.

తిరుపతి గారికి కూడా ఒక ప్రశ్న. లోహం మీది గుర్తులు ముట్టుకోకూడదు అనే నియమాన్ని చివరిదాకా లాగితే ఏమవుతుందో మీ పక్కనే చూశారు కదా. కాన్సస్‌లో ఒకాయన 2016లో 1959 కార్వెట్ కొన్నాడు. రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే తనిఖీలో విన్ పలక ఒకసారి ఊడదీసి మళ్ళీ బిగించినట్టు తేలింది. కారుని పాతకాలపు అందానికి తెచ్చేటప్పుడు పెయింట్ కోసం పలక విప్పడం మామూలే. కానీ ఆ రాష్ట్ర చట్టం ప్రకారం అది నేరపు సొత్తు, స్వాధీనం చేసుకుని ధ్వంసం చేయాలి. కొన్నవాడికి ఏ పాపం తెలియదని పోలీసులే ఒప్పుకున్నా కారు ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. చివరికి 2022లో చట్టమే మార్చాల్సి వచ్చింది.

టెక్సాస్ తిరుపతి:

ఆ కేసు నాకు గుర్తుంది, ఆ చట్టాన్ని నేను వెనకేసుకు రాను. రివెట్ విప్పిన పాపానికి కారుని నుజ్జు చేయడం మూర్ఖత్వం. కానీ అక్కడ పలక అసలుది, కారు అసలుది. ఇక్కడ పలక కొత్తది, ఫ్రేమ్ కొత్తది, హెడ్ వేరే కారుది, గేర్‌బాక్స్ వేరే కారుది, బాడీ నంబర్ లేదు, స్టీరింగ్ వైపు మారింది. లక్ష్మి గారూ, మిగిలిందేమిటో మీరే చెప్పండి. ఒక బ్లాకు. దాని మీద నంబర్ కూడా ఎవరు కొట్టారో తెలియదు.

లెడ్జర్ లక్ష్మి:

మిగిలింది టబ్, అంటే శ్రీను చెప్పిన మోనోకాక్. బాడీ రేకు పోయినా టబ్ తన వయసు తనే చెబుతుంది. మొదటి ఈ-టైప్‌లలో కాళ్ళ దగ్గర నేల చదునుగా ఉండేది, పొడుగు మనుషులు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. 1962 మొదట్లో ఆ నేలని గుంటగా మార్చారు. మొదటి సుమారు 500 కార్లకైతే బానెట్ గొళ్ళెం బయటి నుంచి ఉండేది. ఇలాంటి చిన్న చిన్న మార్పులన్నీ ఏ నంబర్ దగ్గర జరిగాయో విడిభాగాల పుస్తకాల్లో ఉంది. మీ నంబర్ ఏ తారీఖుది అంటోందో, టబ్ కూడా ఆ తారీఖుదే అంటోందా చూడాలి. ముందొచ్చిన కార్లకి ధర ఎక్కువ కాబట్టి, చచ్చిపోయిన పాత కారు పలక తెచ్చి తర్వాతి కారుకి తగిలించడం ఉన్న మోసమే. పలక మార్చడం అరగంట పని. టబ్‌లో నేల, వెనక గోడ, హింజ్‌ల చోట్లు అన్నీ మార్చి అబద్ధం చెప్పించడం మహా కష్టం.

వాసు గారూ, అమ్మే ఆయన్ని హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించమనండి. జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్ళు ఫ్యాక్టరీ లెడ్జర్ చూసి ఇస్తారు. ఓనరుకే ఇస్తారు కాబట్టి అడగాల్సింది ఆయనే. నాలుగు నంబర్లు, తయారైన తేదీ, రంగు, ఏ డీలరుకి పంపారు, అన్నీ ఉంటాయి. అది కారుని చూసి ఇచ్చే సర్టిఫికెట్ కాదు, ఆ నంబర్‌తో అప్పట్లో ఏం పంపారో చెప్పేది, అంతే. దాన్ని ఫ్రేము కట్టించి 'కంపెనీయే ఒప్పుకుంది' అని చూపించేవాళ్ళున్నారు, జాగ్రత్త.

రిటైర్డ్ రామ్మోహన్:

నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో దొంగ బండ్ల నంబర్లు చదివి రిటైరయినవాణ్ణి. తిరుపతి గారన్న బ్లాక్ సంగతి చెబుతాను.

ఉక్కు మీద అచ్చు పెట్టి సుత్తితో కొడితే పైన గుంట పడుతుంది. కంటికి కనిపించేది అంతవరకే. ఆ గుంట అడుగున లోహపు రేణువులు నలిగి, చుట్టూ ఉన్న లోహం కంటే వేరుగా తయారవుతాయి. పైది గీకేసినా ఆ నలిగిన పొర కొంత లోతు వరకు మిగులుతుంది. దాన్ని నునుపు చేసి ఫ్రై ద్రావణం లాంటిది, అంటే కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినది, దూదితో మెల్లగా రుద్దుతూ పోతే నలిగిన చోటు వేరే వేగంతో కరుగుతుంది. పాత అంకె నీడలాగా తేలుతుంది. ఒక్కోసారి కొద్ది నిమిషాలే కనిపించి మాయమవుతుంది, అందుకే కెమెరా సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఉక్కు మీద బాగా పనిచేస్తుంది. మీ బ్లాక్ పోత ఇనుము, దాని మీద కష్టం. హెడ్ అల్యూమినియం, దానికి మందు వేరు. అమ్మకానికి పెట్టిన కారు మీద యాసిడ్ పొయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు, నేనూ పొయ్యమనను.

ఇంట్లో చేయగలిగింది రమణ గారి పెన్సిల్ ప్రింటే. ఫ్రేమ్ మీది నంబర్‌కీ బ్లాక్ మీది నంబర్‌కీ తీయండి. చరిత్ర తెలిసిన వేరే 3.8 కార్ల నుంచి కూడా తీయండి, జాగ్వార్ క్లబ్బులో అడిగితే తీసుకోనిస్తారు. '8' పై సున్నా కింద సున్నా కంటే చిన్నదా, '5' తోక ఎక్కడ ఆగుతుంది, అంకెల మధ్య ఎడం ఒకేలా ఉందా, లోతు ఒకేలా ఉందా చూడండి. చేత్తో కొట్టిన నంబర్ కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంటుంది. గీత గీసి సర్దినట్టు మరీ పొందిగ్గా ఉంటే నేను అనుమానిస్తాను. బ్లాక్ మీద నంబర్ చుట్టూ పోత గరుకు తగ్గి నున్నగా ఉందా అని వేలితో తడిమి చూడండి.

స్టీరింగ్ సంతోష్:

మొదట్లో వెటకారం చేశాను కానీ ఈ చర్చ బాగుంది. ఒక డౌటు. కంపెనీయే పాత నంబర్‌తో కొత్త కారు తయారు చేస్తే? జాగ్వార్ 1963లో రేసుల కోసం 18 లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు అనుకుని 12 మాత్రమే కట్టింది. మిగిలిన ఆరు నంబర్లు ఖాళీగా పడి ఉంటే, 2014లో వాటికి ఆరు కార్లు కడతామని ప్రకటించి, కట్టి అమ్మింది. అవి 1963వా, 2014వా?

టెక్సాస్ తిరుపతి:

2014వే. కంపెనీ దాచలేదు, పేపర్లో వేసి మరీ చెప్పింది. మన అమ్మే ఆయన చేయని పని అదే.

పానా శ్రీను (హైదరాబాద్):

కంపెనీ కొడితే వారసత్వం, గ్యారేజీవాడు కొడితే ఫోర్జరీ. బాగుంది న్యాయం.

వెస్ట్‌మిడ్‌ల్యాండ్స్ వాసు:

అప్‌డేట్. కొంచెం ఆలస్యమైంది, క్షమించాలి.

సర్టిఫికెట్ వచ్చింది. లక్ష్మి గారు చెప్పినట్టే ఎడమ స్టీరింగ్ కూపే, 1962లో తయారై న్యూయార్క్ వెళ్ళింది. రంగు ఓపలెసెంట్ గన్‌మెటల్, ఎరుపు కాదు. ఇంజన్ నంబర్ బ్లాక్‌తో కలిసింది, చివర 9:1 కంప్రెషన్‌కి ఉండే '9' తో సహా. గేర్‌బాక్స్ 'ఈబీ' అని ఉంది, అంటే పాత మాస్. కార్పెట్ ఎత్తితే ఎడమవైపు పూడ్చిన కన్నం కనిపించింది. తలుపు సీలింగ్ రబ్బరు కింద కొంచెం బూడిదరంగు మిగిలి ఉంది, ఫొటో తీశాను. నేల గుంటగానే ఉంది, తేదీకి సరిపోయింది. రామ్మోహన్ గారూ, బ్లాక్ చుట్టూ గరుకు అలాగే ఉంది. పెన్సిల్ ప్రింట్లో అంకెలు క్లబ్బులో దొరికిన రెండు ప్రింట్లతో కలిశాయి. ఫ్రేమ్‌ది కలవలేదు, అచ్చులు స్పష్టంగా వేరు. కనీసం పాతవాటిలా కనిపించాలని ప్రయత్నించలేదు.

అసలు సంగతి ఇది. పాత ఫ్రేమ్ ఆయన దగ్గరే ఉంది. గ్యారేజీ అటక మీద, గోనెసంచి కప్పి. దింపి చూపించాడు. ఎడమ గొట్టం మడత పడింది, కుడివైపు మాత్రం బాగానే ఉంది, నంబర్ మీద ఫ్యాక్టరీ పెయింట్ కూడా కొంత నిలిచి ఉంది. కారుతో పాటు ఇస్తానంటున్నాడు. 'మ్యాచింగ్' అన్న మాట ప్రకటన నుంచి తీసేయమంటే తీసేశాడు, ధర కూడా దిగాడు. ఇప్పుడు ఆ ఫ్రేమ్ ఏం చెయ్యాలి?

టెక్సాస్ తిరుపతి:

అచ్చులు వేరుగా ఉన్నాయి, పాతది దాచి ఉంచాడు అంటే ఆయన ఫోర్జరీ మనిషి కాదు, ప్రకటన రాయడం చేతకాని మనిషి. ఆ మేరకు నా కోపం తగ్గింది. ఫ్రేమ్ తీసుకో. నంబర్ ఉన్న ముక్క కోసి ఫైల్లో పెట్టుకుని మిగతాది తుక్కుకి వెయ్యి. ఒక నంబర్‌కి రెండు ఫ్రేములు లోకంలో ఉండకూడదు.

లెడ్జర్ లక్ష్మి:

కొయ్యొద్దు! తిరుపతి గారూ, ఆ కారులో అనుమానం లేని ఛాసిస్ నంబర్ అదొక్కటే. ముక్కగా కోస్తే రేపు దాన్ని ఏ గొట్టానికైనా అతికించొచ్చు. మొత్తంగా ఉంటేనే వంగిన గొట్టంతో సహా యాక్సిడెంట్ కథకి అది సాక్ష్యం. కారుతో పాటే ఉండాలి, కారుతో పాటే అమ్ముడుపోవాలి.

పానా శ్రీను (హైదరాబాద్):

వాసన్నా, ఒక గొట్టమే మడత పడింది అంటున్నావ్. ఆ ఒక్క గొట్టం విప్పి కొత్తది బ్రేజింగ్ చేసే నిపుణులు మీ దేశంలోనే ఉన్నారు. ముందు మిగతా గొట్టాలకి లోపల తుప్పు లేదని ఎక్స్‌రే తీయించు. బాగుంటే ఆ ఫ్రేమ్‌నే మళ్ళీ కారుకి బిగించి, ఇప్పుడున్నదాన్ని నంబర్ చెరిపేసి స్పేరుగా పెట్టుకోవచ్చు. అప్పుడు తిరుపతన్న కూడా మాట్లాడలేడు.

టెక్సాస్ తిరుపతి:

మాట్లాడతాను. హెడ్ సంగతి ఇంకా తేలలేదు.

ఆర్సీ రమణ (విజయవాడ):

హెడ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. వాసు గారూ, ముందు బిల్లులో పాత ఫ్రేమ్‌ని విడిగా ఒక లైనుగా రాయించుకోండి, నంబర్‌తో సహా, ఫొటో జత చేసి, ఆయన సంతకంతో. కొత్త ఫ్రేమ్ కొన్న రోజు రసీదు ఉందేమో అడగండి. లేకపోతే ఎప్పుడు, ఎవరు, ఏ గ్యారేజీలో మార్చారో ఆయన చేతే ఒక కాగితం మీద రాయించండి.